ఒక సైజు తక్కువ గాజులు

మా సూపర్‌వైజరమ్మ పోయిందన్న కబురు మొన్న గురువారం పొద్దున తెలిసింది. ఒకప్పుడు నాచారం మందుల ఫ్యాక్టరీలో నా పక్క బెంచీ మీద పనిచేసిన అక్క, పీర్జాదిగూడ నుంచి ఉప్పల్లో మా ఇంటిదాకా నడిచొచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నిన్న ఉపవాస ప్రార్థనకు పోయొచ్చి, చాయ్ తాగి, జర నడుం వాలుస్తనని పండుకున్నదంట. మళ్ళ లేవలె" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. మంచాన పడకుండా, ఎవరితోనూ చేయించుకోకుండా పోయిందని మనసు తేలికపడింది. ఒకరితో చేయించుకోవడమంటే ఆమెకు అసలు గిట్టేది కాదు. ఏడుపు ఆ సాయంత్రం సమాధుల తోటలో వచ్చింది, అదీ కొద్దిగానే.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. దగ్గు మందు సీసాలకు మూత బిగించి, లేబుల్ అంటించి, పెట్టెల్లో సర్దే హాల్లో నలభైమంది ఆడవాళ్ళ మీద సూపర్‌వైజరు. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త లేడు. తెల్లచీర, ఎడమచేతికి వాచీ, ఆ వాచీ బెల్టులో దోపిన పెన్సిలు ముక్క. అంతకుమించి ఒంటిమీద ఏమీ ఉండేది కాదు.

మాట్లాడితే ఊరుకోదని కొత్తగా చేరినప్పుడు భయపెట్టారు. నిజానికి మాట్లాడొద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. "మీ ముచ్చట మీకు ఇనబడాలె, సీసాలకు ఇనబడొద్దు" అనేది. బుధవారాలు తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. అయినా మధ్యాహ్నం క్యాంటీన్‌కు తప్పకుండా వచ్చి అందరి డబ్బాల్లోకీ తొంగి చూసేది. "ఏంది, ఇయ్యాల గూడ ఉత్త పచ్చడేనా?" అని ఒకరి కూర తీసి ఇంకొకరి అన్నంలో వేసేది. ఎవరినీ అడిగేది కాదు. ఉపవాసం తనది, పెత్తనం మా తిండి మీద. మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఆమె ఏ మాత్రం సడలించనిది ఒకే ఒక రూలు. హాల్లోకి గాజులతో రాకూడదు. గాజు ముక్క మందులో పడితే ఎవరి గొంతులోకి పోతుందో అని. బట్టలు మార్చుకునే గదిలో గోడకు వరసగా మేకులు ఉండేవి, ఒక్కొక్కరికీ ఒకటి. పొద్దున గాజులు తీసి మేకుకు తగిలించడం, సాయంత్రం మళ్ళీ వేసుకోవడం. రోజూ తీయాలి కాబట్టి అందరం ఒక సైజు పెద్దవే కొనుక్కునేవాళ్ళం. ఆమె తలుపు దగ్గర నిలబడి "చేతులు" అనేది. చాపితే, చూసి, లోపలికి పంపేది. కొత్త పెళ్ళికూతుళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా కరిగేది కాదు.

తొంభైల మొదట్లో, నేను చేరిన మూడో ఏట, రెండో లైను మూసేస్తారని మాట పుట్టింది. ఆఫీసువాళ్ళు మా గురించి సర్‌ప్లస్ అనే మాట వాడటం మొదలుపెట్టారు. మాలో ఒకామె అది కొత్తగా రాబోయే మందు పేరనుకుంది. అక్కర్లేని మనుషులని అర్థం తెలిశాక అదే లైన్లో ఉన్న నాకు అన్నం సహించలేదు. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. చర్లపల్లిలో మా ఆయన లేతు మిషను మీద పనిచేసే చిన్న కంపెనీకి తాళం పడి రెండు నెలలైంది. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే నా పని వల్లే.

అందుకని దాచాను. అంతకుముందు ఏడాది ఇద్దరిని 'పని నెమ్మది' అని తీసేశారు, ఇద్దరూ నిండు చూలాళ్ళే. ఆ భయంతో స్టోరు నుంచి పెద్ద కోటు అడిగి తీసుకున్నాను. రోజంతా కడుపు బిగబట్టి నిలబడేదాన్ని. తల తిరిగితే మంచినీళ్ళకని, వాంతి వస్తే ఇంకో సాకుతో బయటికి పోయేదాన్ని. నా ముందు సీసాలు గుంపుగా ఆగిపోయేవి. నన్నెవరూ కనిపెట్టలేదని నా గొప్ప నమ్మకం.

ఒకరోజు ముఖం కడుక్కుంటుంటే సూపర్‌వైజరమ్మ నా వెనకే వచ్చింది.

"ఎన్నోది?"

"ఏది మేడమ్?"

"నాతోని నాటకాలా? నెల."

"ఏడు" అన్నాను.

"ఎందుకు దాస్తున్నవ్?"

"తెలిస్తే తీసేస్తరు మేడమ్."

"తెల్వకున్నా తీసేస్తరు, పిచ్చిదానా" అంది. "నువ్వు దాసినన్ని దినాలు ఆఫీసు కాగితంల నువ్వు పనిల ఢీలా వడ్డ మనిషివి. చెప్పినంక కడుపుతోని ఉన్న మనిషివి. ఢీలా వడ్డదాన్ని తీసుడు అల్కగ, కాగితం మీద గీత కొడితె అయిపాయె. కడుపుతోని ఉన్నదాన్ని తీయాలంటె మొఖం సూసి చెప్పాలె. అది శాన కష్టం బిడ్డా."

ఇన్ని రోజులుగా నేను ఎంత తెలివిగా నా మెడకు నేనే ఉరి బిగించుకున్నానో అప్పుడర్థమైంది. "ఇప్పుడే పోయి మేనేజరు సార్‌కు చెప్పనా?" అన్నాను.

"చెప్తె ఇంటడు. ఇని ఊకుంటడు. గట్ల గాదు, నలుగురి ముంగట కావాలె." నా చేతులవైపు చూసింది. "శ్రీమంతం జేసిన్రా? గాజులు తొడిగిన్రా ఎవలన్న?"

లేదన్నాను. అమ్మ లేదు. మా ఆయనకు పని పోయాక ఆ ఊసెత్తే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

"నీ గాజుల సైజెంత?" అంది. చెప్పాను. "ఫికర్ జేయకు" అని వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్లో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు తలా కొంచెం పసుపు, కుంకుమ, పూలు తెచ్చారు. సూపర్‌వైజరమ్మ సంచిలోంచి కాగితంలో చుట్టిన మట్టి గాజులు తీసింది, ఆకుపచ్చవి, ఎర్రవి. ఉప్పల్ బజార్లో తానే ఏరి కొన్నదట. బొట్టు పెట్టడం, తొడగడం పెద్దవాళ్ళకు వదిలేసింది. "అది మీ పద్ధతి, మీరే జేయున్రి" అని ఒక అడుగు వెనక్కి జరిగింది. మొదటి గాజు పక్క బెంచీ అక్క తొడగబోయింది. కణుపుల దగ్గరే ఆగిపోయింది.

"మేడమ్, ఇవి నాకు చిన్నవి" అన్నాను.

"తెలుసు. ఒక సైజు తక్కువ తెచ్చిన."

వెనక్కి జరిగిన మనిషి మళ్ళీ ముందుకొచ్చి, గిన్నెలో సబ్బు నలిపి నురుగు చేసి, నా రెండు చేతులకూ మణికట్టు దాకా పూసింది. తన బోసి చేతులతో ఒక్కొక్క వేలూ వత్తి పట్టుకుంది. అక్క తోసింది. ఒక్కటి కూడా చిట్లకుండా అన్నీ ఎక్కాయి. చేతులు ఎర్రగా కందిపోయాయి. ఎందుకింత హింస పెడుతున్నారో నాకు అర్థం కాలేదు గానీ, ఎవరో నాకు శ్రీమంతం చేస్తున్నారన్న సంతోషంలో నొప్పి తెలియలేదు.

బెల్లు కొట్టారు. హాలు తలుపు దగ్గర ఆమె ఎప్పటిలాగే నిలబడి "చేతులు" అంది. చాపాను. "గాజులున్నయ్. లోపటికి రావొద్దు" అంది. నలభైమందీ అక్కడే ఆగిపోయారు. లైను ఆగిందని మేనేజరు గారు దిగొచ్చారు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు.

"ఏంటమ్మా, గాజులు తీయించండి, టైమవుతోంది."

"రావు సార్. బిగుతుగున్నయ్. పగలగొట్టాలె" అంది ఆమె. "ఏడో నెల, ఇప్పుడే శ్రీమంతం జేసినం. మీరు చెప్పున్రి సార్, పగలగొడ్త."

నిండు చూలాలి గాజులు పగలగొట్టమని నోటితో అనగలిగిన మగవాడు మన దేశంలో ఇంకా పుట్టలేదనుకుంటాను. ఆయన మూడేళ్ళలో మొదటిసారి నా ముఖం చూశాడు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు. తర్వాత ఆమెతో, "లేబుల్ రూములో కూర్చోబెట్టండి. డెలివరీ అయ్యాక మళ్ళీ లైన్లోకి తీసుకుందాం" అన్నాడు.

"రాసియ్యున్రి సార్" అని రిజిస్టరు చాపింది. ఆయన జేబు తడుముకుని, ఆమె వాచీ దగ్గరి పెన్సిలు కోసం చెయ్యి చాపాడు. "అది చెరిగిపోతది సార్, పెన్ను తెప్పిస్త" అంది.

లేబుళ్ళు లెక్కపెట్టి కట్టలు కట్టే ఆ గదిలోకి సీసాలు రావు, గాజుల గొడవ లేదు, కుర్చీ కూడా ఉంది. కూర్చుని, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి కడుపు వదులుగా వదిలేశాను. లోపల బిడ్డ కూడా కాళ్ళు చాపుకున్నట్టు కదిలింది. ఆ సాయంత్రం మా ఆయనకు చెప్తూ నవ్వానో ఏడ్చానో గుర్తులేదు, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నానన్నది గుర్తుంది.

కాన్పుకు సెలవు దొరికింది, ఆడపిల్ల పుట్టింది. సూపర్‌వైజరమ్మ ఇంటికొచ్చి, పాప తలమీద చెయ్యి పెట్టి పెద్ద ప్రార్థనే చేసింది. మా ఆయన కళ్ళు మూసుకోవాలో వద్దో తెలియక ఒకటి మూసి ఒకటి తెరిచి కూర్చున్నాడు. సెలవయ్యాక నన్ను మళ్ళీ తీసుకున్నారు. ఆ తర్వాత మరి నాలుగేళ్ళు ఆమె కిందే పనిచేశాను. ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పబోయినా "సాలు, పని సూడు" అనేది. అందుకే ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

సమాధి దగ్గర నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం గాజుల రోజు కాదు, ఆ తర్వాత పది రోజులకు, తీసేసేవాళ్ళ జాబితా అంటించబోయే ముందురోజు. నేను ఒడ్డున పడ్డాననుకుని ఆమె ఊరుకోలేదు. ఒక్కదానికి ఒక న్యాయం, మిగతావాళ్ళకు ఒకటా అని ఆఫీసు మెట్లు మూడుసార్లు ఎక్కి, ఒక నోటీసు టైపు చేయించుకుని వచ్చింది. మిషన్లు ఆపించి, లేబుల్ గదిలోంచి నన్నూ పిలిపించి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. కడుపుతో ఉన్నట్టు తెలియజేసినవాళ్ళను జాబితాలో చేర్చరు, కాన్పు దాకా కూర్చునే పని ఇస్తారు, తర్వాత మళ్ళీ తీసుకుంటారు.

"సదువుడు అయిపోయింది" అంది. "ఇగ నేనడుగుత. ఎవలన్న ఉన్నరా? ఉంటె చెయ్యి ఎత్తున్రి."

ముందు మొదటి లైను చివర కొత్త పెళ్ళికూతురు ఎత్తింది. అత్తగారికి కూడా ఇంకా చెప్పలేదట. తర్వాత, గోడ పక్క బెంచీ నుంచి ఇంకొకటి లేచింది. మూడో చెయ్యి ఎవరిదో చూద్దామని తల తిప్పితే, నా పక్క బెంచీ అక్కది. ఇద్దరు పిల్లలు బడికి పోతున్న మనిషి. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ రోజంతా పనిచేశాం, నా కడుపు ఆమెకు తెలియదనుకున్నాను, ఆమెది నాకు తెలియనే లేదు.

రోజూ కేకేసి పిలిచే పేర్లే అయినా, సూపర్‌వైజరమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పేరడిగి రాసుకుంది. రాసుకుని, మాకు వీపు చేసి, గోడవైపు తిరిగి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. చెయ్యి దించమని చెప్పడం మరిచిపోయింది. ఆ ముగ్గురూ దించలేదు.