ఈశాన్యం మూల ఊట

ఇంట్లో మెల్లగా చెబితే ఎవరూ వినడం లేదు కనుక, ఎన్నడూ లేనిది ఇక్కడ రాస్తున్నాను. బోధన్‌లో మా పాత ఇంటి నేలమాళిగలో, ఈశాన్యం మూల పునాది రాళ్ల సందుల నుంచి నీళ్లు ఊరుతున్నాయి. సరిగ్గా దాని పైనే నా పూజగది. ఈ రోజు మేస్త్రీ యూసుఫ్ భాయ్ వచ్చి చూశాడు. సందులు గీకి సిమెంటు నింపాలని, పైన నీరు దిగని పూత వేయాలని చెప్పాడు. మా ఆయన అడ్డం తిరిగారు.

"ఈశాన్యంల నీళ్లుంటే లక్ష్మి వస్తది భాయ్. వాస్తు అయ్యగారు చెప్పిండు. ముట్టకు."

"లక్ష్మి వస్తది గని పటేలా, గోడ పోతది."

నేను దీపం పెట్టడానికి వెళ్లాను. నేల ఆ మూలకు కుంగింది. ప్రమిదలో నూనె ఒక పక్కకే చేరి, పీట మీదికి కారింది. బయటకొచ్చి మెల్లగానే అన్నాను.

"లక్ష్మి వచ్చుడు నిజమే. మీదున్న దేవుళ్లందరు గూడ ఆమె కాడికే దిగుతున్నరు."

యూసుఫ్ భాయ్ నవ్వాపుకోవడానికి దగ్గాడు. మా ఆయన వెంటనే అయ్యగారికి ఫోన్ చేశారు. సిమెంటుకు ముహూర్తం గురువారమట. అందాక దేవుళ్లు నా వంటింటి అలమారలో ఉంటారు.

మీ ఇంటికి లక్ష్మి ఏ గోడ నుంచి వస్తుందో చెప్పండి. ఇది చదివి దాచుకోండి, మా ఆయనకు మాత్రం చూపించకండి.