కురహాషి బాబాయి, రెండువందలవ బంట్

కురహాషి బాబాయికి లోకంలో ఏ చిక్కుకైనా ఒకటే మందు తెలుసు. బంట్!

బ్యాట్ ఊపకుండా అడ్డంగా పట్టుకుని, వచ్చిన బంతిని మెత్తగా కాళ్ళ ముందు పడేయడమే బంట్. వేసినవాడు దాదాపు ఖాయంగా ఔటైపోతాడు. కానీ ఆ సందట్లో మొదటి బేస్ మీదున్న తోటి ఆటగాడు రెండో బేస్‌కి చేరిపోతాడు. బేస్‌బాల్‌లో ఇదొక చిన్న ఎత్తు అని అందరూ అనుకుంటారు. బాబాయి మాత్రం ఆటంటేనే ఇది, మిగతాదంతా హంగామా అంటాడు.

మా సెతోహామ పెలికన్స్ జట్టు స్టేడియంలో, కుడివైపు గ్యాలరీలో, అభిమానుల బృందానికి ఆయన బాకా, నేను డోలు. ఇరవై ఆరేళ్ళుగా పక్కపక్కనే నిలబడి గొంతులు చించుకుంటున్నాం. ఆట లేని రోజుల్లో నేను ట్రామ్ నడుపుతాను, ఆయన స్టేడియం వెనక వీధిలో క్యాబేజీ అట్లు పోస్తాడు. కొట్లో పెనం ముందు ఆరు స్టూళ్ళు, పెనం వెనక ఆయనకొకటి. ఏడో మనిషి గుమ్మంలో కనిపిస్తే చాలు, తన స్టూలు ఎత్తి ఇవతల పెట్టేస్తాడు.

"నేను ఔట్! మీరు ముందుకు పదండి!"

ఆపైన మోకాళ్ళు నొప్పులని గొణుక్కుంటూ పొద్దంతా నిలబడే అట్లు తిప్పుతాడు.

నా పెళ్ళి విందులో నాలుగు మంచి మాటలు చెప్పమంటే లేచి, "ఒరేయ్ నిషివాకీ! ఇంట్లో గొడవొస్తే బ్యాట్ ఊపకు. బంట్ వెయ్యి. నువ్వు ఔటవుతావు, కాపురం ఒక బేస్ ముందుకెళుతుంది" అని కూర్చున్నాడు. అది మా ఆవిడ గట్టిగా పట్టుకుంది. ఇప్పటికీ గిన్నెలు పేరుకుపోతే, "ఇవాళ నీదే బ్యాటింగ్" అంటుంది.

నిజానికి ఒకప్పుడు మా ఆటంతా బాబాయి చెప్పినట్టే ఉండేది. మొదటివాడు ఎలాగోలా బేస్ మీదికి చేరాలి. రెండోవాడు బంట్ వెయ్యాలి. మూడోవాడు నేల బారున ఒకటి కొట్టాలి. ఒక్క పరుగు రావాలి. ఆ ఒక్క పరుగునీ పొత్తిళ్ళలో బిడ్డలా తొమ్మిది ఇన్నింగ్సూ కాపాడుకోవాలి. బంతి విసిరే పిచ్చర్ చెయ్యి ఊడిపోతున్నా ఆఖరిదాకా తనే వెయ్యాలి. పరుగు వస్తే పండగ, రాకపోతే సంతాపసభ!

ఇప్పుడో? పిచ్చర్ ఐదో ఇన్నింగ్స్‌కి చొక్కా మార్చుకుని కూర్చుంటాడు. వాడి వెనక వరసగా నలుగురొచ్చి తలో ఇన్నింగ్స్, కంటికి కనపడని వేగంతో విసిరి పోతారు. రెండో స్థానంలో బంట్ వేసే బక్కపల్చటివాడు పోయి, జట్టులోకెల్లా బండవాడు వచ్చాడు. ప్రతివాడూ బంతిని ఆకాశానికే కొడతాడు. తగిలితే గ్యాలరీలో పడుతుంది, తగలకపోతే నవ్వుకుంటూ వెనక్కొస్తాడు. వెనకటి రోజుల్లో అలా నవ్వితే ఊళ్ళో తలెత్తుకోగలిగేవాడా!

మూడేళ్ళ కిందట వచ్చిన కొత్త మేనేజరు చేతిలో ట్యాబ్ లేకుండా మంచినీళ్ళు కూడా తాగడు. లెక్కలు చూసి బంట్‌కి చెల్లుచీటీ ఇచ్చేశాడు. చెప్పకేం, ఆయన వచ్చాకే మా జట్టు ఆరో స్థానం నుంచి మూడుకి ఎగబాకింది. నాకు ఒళ్ళు పులకరించింది. బాబాయికి ఒళ్ళు మండింది.

మా బృందంలో మందుల షాపు తొమోయె అని ఒకమ్మాయి ఉంది. ఆవిడా లెక్కల మనిషే.

"బాబాయ్, బంట్ వేస్తే వచ్చే పరుగులు తగ్గుతాయి. పదేళ్ళ ఆటలన్నీ కూడి తేల్చారు."

"బంట్ వేసినవాడి మొహం కూడా కూడారా?"

"మొహాన్నెలా కూడతారు?"

"మరి అది లెక్కెలా అవుతుందమ్మాయ్?"

అలా అని బాకా పెదాలకి ఆనించుకునేవాడు. బంట్ కోసం ఆయన స్వయంగా కట్టిన పాట ఒకటుంది. బంట్ పడ్డాక, ఔటైనవాడు బెంచీకి నడిచి వెళుతుంటే వాయిస్తాడు. మొదటి బేస్ మీదికి మనవాడు చేరిన ప్రతిసారీ, "ఈసారి బంటే, చూడు!" అని బుగ్గలు పూరించేవాడు. బండవాడు బ్యాట్ ఊపేవాడు. బాబాయి ఆ గాలంతా నిట్టూర్పుగా వదిలేవాడు. పోయినేడాది మొత్తం ఇదే వరస. పాట ఒక్కసారి కూడా మోగలేదు.

ఆయన బాధకి అసలు కారణం ఫుకజు. పదిహేడేళ్ళుగా మా జట్టులో బంట్ పని చూసినవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. వచ్చిన మొదటి బంతికే బంట్ వేసి తలొంచుకుని వెళ్ళిపోయేవాడు. ఎంత త్వరగా వెళ్ళిపోయేవాడంటే, మేం అతని పేరు మీద కట్టిన పాటలో రెండో చరణం ఎవరికీ రాదు. అక్కడిదాకా ఎప్పుడూ వెళ్తేగా! అతని బంట్‌లు నూటతొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయాయి. ఏడాదంతా బెంచీ మీదే. ఆఖరికి ఆ అక్టోబరులో రిటైరవుతున్నానని ప్రకటించాడు.

"ఒక్కటిరా! ఒక్కటి వేయిస్తే ఆ ట్యాబ్ ఏమైనా అరిగిపోతుందా?" అని బాబాయి నా డోలు మీద చరిచాడు.

ఆఖరి ఆట, ఆదివారం మధ్యాహ్నం. స్టేడియంలో ఇసకేస్తే రాలనంత జనం. ఎనిమిదో ఇన్నింగ్స్, చెరి రెండు పరుగులు. మనవాడొకడు మొదటి బేస్ చేరాడు. ఔటైనవాళ్ళు లేరు. మేనేజరు ట్యాబ్ పక్కన పెట్టి బయటికొచ్చి అంపైర్‌తో కొత్త బ్యాటరు పేరు చెప్పాడు.

ఫుకజు!

గ్యాలరీలన్నీ లేచి నిలబడ్డాయి. "బంట్! బంట్!" అని ఊరు ఊరంతా ఒకే గొంతయింది. తొమోయె అయితే అందరికంటే గట్టిగా అరుస్తోంది. నేను డోలు కర్రలెత్తి, "బాబాయ్, సిద్ధమేనా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. బంట్ వద్దు. వాడి పాట వాయించు."

నేను నోరు వెళ్ళబెట్టాను. "మీకేమైంది? రెండువందలవ బంట్!"

"నూటతొంభై తొమ్మిదిసార్లు పక్కవాడి కోసం ఔటయ్యాడురా. ఈ ఒక్కసారైనా వాణ్ణి తన కోసం బంతి కొట్టనీ!"

బాకా ఎత్తి ఫుకజు పాట అందుకున్నాడు. మొదటి చరణం అందరం పాడాం. రెండోది ఆయనొక్కడే, తప్పు పోకుండా, మెడ నరాలు పొంగేలా వాయించాడు. ఫుకజు మావైపు తిరిగి ఒక్క క్షణం చూశాడు. తన పాటలో అంత భాగం ఉందని అతనికీ అప్పుడే తెలిసి ఉంటుంది.

మొదటి బంతి. బ్యాట్ ఊపాడు! గాలి తప్ప ఏమీ తగల్లేదు. అయినా స్టేడియం అదిరిపోయింది. రెండో బంతి. ఇంకా పెద్దగా ఊపాడు, హెల్మెట్ ఎగిరి పడింది. రెండు స్ట్రైకులు, మూడోది పడితే ఔటే. ఇక బంట్ వేస్తే, బంతి పక్కగీత దాటిందంటే అక్కడికక్కడే ఔట్, పరుగెత్తేవాడూ ఎక్కడివాడక్కడే. మతి ఉన్నవాడెవడూ వెయ్యడు.

ఫుకజు హెల్మెట్ ఎత్తి పెట్టుకుని, నవ్వి, బ్యాట్ అడ్డం పెట్టాడు.

బంతి గీతకి బెత్తెడు లోపల చిన్నగా దొర్లి, అలిసిపోయినట్టు ఆగింది. ఫుకజు ఔట్, మనవాడు రెండో బేస్‌లో ఉన్నాడు. రెండువందలు!

"బాబాయ్! వాయించండి!"

ఆయన బుగ్గలు పూరించాడు. బాకాలోంచి నా ట్రామ్ బ్రేకు వేసినప్పటి కీచుమోత వచ్చింది. ఏడుస్తూ బాకా ఊదడం ఎవరివల్లా కాదు. అప్పుడు గ్యాలరీ మొత్తం ఆ పాటని నోటితోనే అందుకుంది. ఏడాదిగా వినకపోయినా ఒక్కరూ మర్చిపోలేదు. ముప్ఫై వేలమందిలో ఒక్కరు కూడా పరుగెత్తినవాణ్ణి చూడలేదు, నడిచి వెళుతున్నవాణ్ణే చూశారు. ఆ తర్వాతివాడు కొట్టిన దెబ్బకి పరుగు వచ్చింది, మేం గెలిచాం.

"లెక్క ప్రకారం ఇది తప్పే" అంది తొమోయె ముక్కు తుడుచుకుంటూ.

ఆట అయ్యాక ఫుకజు మైకు ముందు నిలబడ్డాడు.

"నేను బంట్ వేసిన ప్రతిసారీ మూడో రోజుకి క్లబ్‌కి ఒక పోస్టుకార్డు వచ్చేది. కింద పేరుండదు. ఒకటే వాక్యం. 'మీరు వెనక్కి నడిచి వెళ్ళడం చూశాను, బాగా నడిచారు.' జట్టులోంచి తీసేస్తారేమోనని భయపడ్డ రోజుల్లో వాటిని చదువుకుని నిద్రపోయేవాణ్ణి. నా దగ్గర నూటతొంభై తొమ్మిది ఉన్నాయి. రాసినవారెవరో తెలియదు. ఒక్కటే గుర్తు. అన్నిటి మీదా అట్ల సాస్ మరక ఉంటుంది."

మా గ్యాలరీ యావత్తూ ఒక్కసారిగా కురహాషి బాబాయి వైపు తిరిగింది. ఆయన బాకాలోకి తల దూర్చినంత పని చేసి దాన్ని తుడుస్తున్నాడు.

మర్నాడు కొట్టుకెళితే పెనం పక్కన పోస్టుకార్డు పెట్టుకుని తిట్టిపోస్తున్నాడు.

"రెండు స్ట్రైకుల మీద బంటా? బుద్ధుందా వాడికి? జారితే ఏమయ్యేది?"

"మరి ఆ కార్డు ఎందుకు రాస్తున్నట్టు?"

"నడక బాగానే ఉంది. అది వేరే సంగతి."

అంతలో తలుపు జరిగింది. గుమ్మంలో ఫుకజు. నాతో కలిపి ఆరు స్టూళ్ళూ నిండి ఉన్నాయి. బాబాయి గభాలున తన స్టూలు ఎత్తి ఇవతల పెట్టాడు.

"నేను ఔట్! కూర్చో!"

"అయ్యో, మీరు నిలబడితే నేనెలా కూర్చుంటానండీ? మీరే కూర్చోండి."

"పెద్దవాణ్ణి, చెబితే వినాలి!"

"మోకాళ్ళ నొప్పులు మీవండీ!"

స్టూలు పెనానికి అటూ ఇటూ నాలుగుసార్లు ప్రయాణం చేసింది. ఇద్దరూ వంగి వంగి దండాలు పెట్టుకుంటున్నారు, అట్టు మాడుతోంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తొమోయె గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ కాసేపు చూసింది. తర్వాత నిమ్మళంగా వచ్చి ఆ స్టూలు మీద కూర్చుని, "ఒక రొయ్యల అట్టు, బాబాయ్. సాస్ ఎక్కువ" అంది.