ప్లగ్గు పీకి నేర్చుకున్న లైనక్స్

1999 వేసవిలో నన్ను అకౌంట్స్ నుంచి తీసి ఈడీపీ సెక్షన్ ఇన్‌ఛార్జిగా వేశారు. మాది ఆటోనగర్‌లో లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ. హనుమాన్ జంక్షన్ నుంచి ఐసులో పెట్టిన చేపలను కలకత్తాకు తోలడం మా ప్రధాన వ్యాపారం. ఈడీపీ అంటే కంప్యూటర్లు ఉండే గది, కంపెనీ మొత్తానికి ఏసీ ఉన్న ఒకే ఒక్క గది. విజయవాడ ఎండల్లో ఆ బదిలీ ఎవరికి వచ్చినా ఎగిరి గంతేస్తారు. నేనూ వేశాను.

బుకింగులన్నీ దాచే పెద్ద కంప్యూటరును సర్వరు అంటారు. బ్రాంచీల నుంచి వచ్చే ఫ్లాపీల వెంట వైరస్‌లూ వచ్చి మా సర్వరు మాటిమాటికీ మంచం పట్టేది. అదే సమయంలో ఒక కంప్యూటర్ పత్రికతో, విండోస్‌కు బదులు కంప్యూటరును నడిపే లైనక్స్ అనే ప్రోగ్రాము సీడీ ఉచితంగా వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి లోపల చూసుకోవచ్చు, వైరస్‌ల బెడద ఉండదు అని అందులో రాశారు. మా ప్రొప్రైటర్ కోటేశ్వరరావు గారు ఆ సీడీని రెండు వైపులా తిప్పి చూశారు.

"ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటదండీ ప్రసాద్ గారూ. సరే, చూద్దాం. దసరాకి బ్రాంచీల వాళ్లంతా వస్తారు గదా, వాళ్ల ముందు నడిపించి చూపించండి. నడవలేదనుకోండి, మీరు చల్లపల్లి బ్రాంచి చూసుకుందురుగాని."

చల్లపల్లి మీద నాకేమీ కోపం లేదు. కానీ పిల్లల బడి, మా ఆవిడ ఉద్యోగం బెజవాడలో ఉన్నాయి. చల్లపల్లి బ్రాంచి అంటే ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, కరెంటు ఉన్నప్పుడు ఒక ఫ్యాను. నిజంగానే భయపడ్డాను.

లైనక్స్ ఎక్కించాక నల్లటి తెర వచ్చింది. పేరు అడిగింది, చెప్పాను. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే ఒక్క చుక్క కూడా పడదు! కీబోర్డు పోయిందనుకుని ఇంకోటి తగిలించాను, దాని తర్వాత మరోటి. పాస్‌వర్డ్ పక్కవాడి కంట పడకుండా దాచడం దాని పద్ధతని తెలిసేటప్పటికి మా ఆఫీసులో మంచి కీబోర్డులన్నీ మూల పడ్డాయి. సహాయం కోసం అందులోనే పేజీలు ఉంటాయి. అవన్నీ విషయం ముందే తెలిసినవాళ్లకు అర్థమయ్యేలా రాశారు.

అసలు తద్దినం వీఐ. అది ఫైళ్లు దిద్దుకునే ప్రోగ్రాము. అందులోకి వెళ్లడం సులువు, బయటికి రావడమే కుదరదు. ఏ మీట నొక్కినా ఆ అక్షరమే తెర మీద పడుతుంది. నేను మర్యాదగా ఆపమని ఇంగ్లీషులో టైపు చేస్తే, ఆ మాటనూ ఫైల్లో కలుపుకుంది. చివరికి నాకు తోచిన దారి ఒకటే, ప్లగ్గు పీకడం. లైనక్స్‌ను అలా అర్ధాంతరంగా ఆపితే డిస్కు మీద రాతలు చెదురుతాయి. మళ్లీ లేచేటప్పుడు అలిగి, రూట్ పాస్‌వర్డ్, అంటే యజమాని పాస్‌వర్డ్ అడిగి, మరమ్మతు నన్నే చేసుకోమంటుంది. ఆ మరమ్మతు ప్రోగ్రాము పేరు ఎఫ్‌ఎస్‌సీకే. వీఐ లోంచి బయటపడే పద్ధతి పుస్తకంలో దొరికేలోగా ఈ మరమ్మతు నాకు కంఠతా వచ్చేసింది.

దసరాకు సర్వరు సిద్ధమైంది. ఆయుధ పూజ రోజు ఆటోనగర్‌లో యంత్రాలన్నింటికీ విశ్రాంతి. లేతు మిషన్లకు, జాకీలకు, లారీ స్టీరింగులకు బొట్లు పెడతారు. మా మానిటర్లకూ పెట్టారు. ఆచారం ప్రకారం కరెంటు మెయిన్ స్విచ్ ఆపగానే, బ్యాటరీ మీద సర్వరును మోస్తున్న యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. పంతులుగారు మంత్రం ఆపి దానివైపు గుర్రుగా చూశారు. నా చేతుల్లో హారతి పళ్లెం ఉంది.

"దానికీ విశ్రాంతే గదండీ ఇయ్యాళ" అంటూ కోటేశ్వరరావు గారు యూపీఎస్ మీట నొక్కేశారు. అరుపు ఆగింది. సర్వరూ ఆగింది.

మర్నాడు విజయదశమి. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి, బ్రాంచీల వాళ్లందరి ఎదుట సర్వరు ఆన్ చేశాం. తెర నిండా తప్పుల జాబితా వచ్చి, రూట్ పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోయింది.

"మెలిక ఉంటదని చెప్పానా?" అన్నారు ప్రొప్రైటర్. నేను కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాను. "కొడుతున్నారు గానీ ఏమీ పడట్లేదేంటండీ?" అన్నారు ఆందోళనగా. అది అంతేనండీ అన్నాను. ఎఫ్‌ఎస్‌సీకే నడిపించాను. అది అడిగిన ప్రతిదానికీ అవునన్నాను. టీలు వచ్చేలోపు సర్వరు లేచి కూర్చుంది, బుకింగులన్నీ భద్రంగా ఉన్నాయి.

కోటేశ్వరరావు గారు మొదట కొబ్బరికాయను, తర్వాత నన్ను మెచ్చుకున్నారు. "ఇంత గట్టిది ఒక్క చోటే ఉంటే ఎట్లాగండీ? బ్రాంచీలన్నిట్లో మీరే పెట్టాలి. ముందు చల్లపల్లి వెళ్లండి" అన్నారు.

వెళ్లాను. ఆ రేకుల షెడ్డులో, ఆ బల్ల దగ్గర, నాకంటే పెద్దవాడైన క్లర్కు వెంకటేశ్వర్లు గారు శిక్షణ కోసం పెన్ను పట్టుకుని కూర్చున్నారు. యంత్రాన్ని నడపడం పుస్తకం చూసి నేర్చుకోవచ్చు, లేపడం మాత్రం పడగొట్టినవాడికే వస్తుంది. అందుకని పెన్ను పక్కన పెట్టమని, లైనక్స్ ఆన్ చేసి, ఆయన చేతే ప్లగ్గు పీకించాను.