గళ్ళ లంగా సారు మీద పాట

మా సారుకి ఏడాదికోసారి పూనకం వచ్చేదండి. జనవరిలో, దుబాయ్‌లో కాస్త చలి పట్టే రోజుల్లో, గళ్ళ లంగా కట్టి, మోకాళ్ళు బయటపెట్టి, తనలాంటి స్కాట్లాండు వాళ్ళనందర్నీ విల్లాకి పిలిచేవాడు. వాళ్ళ దేశపు కవి పుట్టినరోజంట. ఆయన పోయి ఎన్ని తరాలైందో! పోయినాయనకి పుట్టినరోజేంటి, తద్దినం పెట్టాలి గానీ, అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో వంటా, ఇస్త్రీ, సమస్తం నేనే. ఎనభైల్లో మాట. గోదావరి పక్క పల్లె నుంచి వెళ్ళాక మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. మా చెల్లికి మాఘంలో ముహూర్తం పెట్టారని కబురొచ్చింది. సారుని సెలవడిగితే "చూద్దాం" అన్నాడు. మళ్ళీ అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పాస్‌పోర్టేమో ఆయన బీరువాలో ఉంది. పెళ్ళి బంతిలో వియ్యంకుణ్ణి ఆటపట్టించే పాటలు మా ఇంటికి నేనే పాడాలి. నేను లేని పెళ్ళి ఏం పెళ్ళండీ!

ఆ విందుకో ఆచారం ఉంది. గొర్రె పొట్టలో గుండెకాయ, కార్జం, ఓట్స్ రవ్వ కూరి ఉడికించిన ఉండని, తోలుసంచిలో గాలి ఊది వాయించే, మన తిత్తిలాంటి బాజాతో ఊరేగించి తెస్తారు. దానికి పద్యం చదివి, కత్తితో పొడిచి మరీ తింటారు. మనం బోటి వండుకుంటే ఇంత హడావిడి చేస్తామా? తిన్నాక ఒక మగాడు లేచి ఆడాళ్ళని ఎటకారం చేస్తాడు. ఒక ఆడమనిషి లేచి బదులు చెప్పాలి. మాట పడ్డవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు, నిలబడి గ్లాసెత్తి తాగాలి. సారు భార్య, మా మేడమ్, ఆ ఏడు తను చెప్పాల్సిన జవాబుని వంటింట్లో సాధన చేస్తూ ఇదంతా చెప్పింది. "ఓస్, ఇంతేనా! మాకిది ప్రతి పెళ్ళిలోనూ ఉంది" అని రెండు పాటలు వినిపించాను. అర్థం కాకపోయినా పొట్ట పట్టుకుని నవ్వింది.

తీరా ఆ రోజుకి మేడమ్ గొంతు పూడుకుపోయింది. మిరియాల కషాయం పోసినా లాభం లేదు. విందులో సారు లేచి ఆడాళ్ళని ఏకిపారేశాడు. మేడమ్ నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. గెలిచామని మగాళ్ళు బల్లలు బాదడం మొదలెట్టారు. ఆవిడ చుట్టూ చూసి, గిన్నెలు తీస్తున్న నన్ను భుజం పట్టి ముందుకి తోసింది. పాడమని సైగ చేసింది.

 సారు మొహం చూడగానే చెల్లి పెళ్ళి గుర్తొచ్చింది. కొంగు దోపి ఎత్తుకున్నాను:

గళ్ళ లంగా కట్టి వచ్చె గొప్ప సారూ,
పిల్లి తోక తొక్కినట్టు బాజా సారూ,
ఇస్త్రీ చొక్కా ఎవరి చలవ చెప్పు సారూ,
ఇంటికెళ్తనంటె నీకు చెవుడు సారూ!

చప్పట్లే చప్పట్లు! అందరికంటే ఎక్కువ నవ్వింది సారే. ఏమందో చెప్పమని తలుపు దగ్గరున్న కంపెనీ డ్రైవర్ని పిలిచాడు. అతనిది కరీంనగర్ వైపు. నావైపు చూసి, "అక్కా, ఉన్నదున్నట్టు చెప్పాల్నా?" అన్నాడు.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం ఖలాస్ అనుకున్నాను. అయినా తెగించి, "చెప్పు తమ్ముడూ, అయ్యేదేదో అవుతుంది" అన్నాను.

అతను ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్పాడు. లంగా దగ్గర నవ్వారు. పిల్లి దగ్గర ఇంకా నవ్వారు. చెవుడు దగ్గర, "చెల్లె పెళ్ళికి లీవు అడుగుతాంది సార్" అని, నా గోడు తెలిసినవాడు కాబట్టి, తనే కలిపాడు. నవ్వు ఆగిపోయింది. సారు మొహం కందగడ్డైంది.

అప్పుడు మేడమ్ లేచిందండి. మాట లేదు కదా, చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టి పైకెత్తింది. ఆవిడ వెనకాలే ఆడాళ్ళంతా లేచారు. సారు ఇంకా కూర్చునే ఉన్నాడు. ఆచారం ఆయనది, ఇల్లూ ఆయనదే. లేవక ఏం చేస్తాడు! లేచి, గ్లాసు ఖాళీ చేసి, నాకేసి చూసి "వెళ్ళు" అన్నాడు.

పెళ్ళికి అందుకున్నాను. బంతిలో అదే పాట, సారుని తీసేసి వియ్యంకుణ్ణి పెట్టి, లంగా బదులు పంచె కట్టించి పాడాను. ఆయన విస్తరి ముందు నుంచి దిగ్గున లేచి, "ఎవరా నోటి దురుసు మనిషి?" అని అరిచాడు. మా సారే నయం అనిపించిందండి.

మా అమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని తాపీగా అంది: "మా పెద్దమ్మాయండి అన్నయ్యగారూ. దొరని ఆడిపోసుకుని సెలవు తెచ్చుకుంది, మీరో లెక్కా? కూర్చోండి, నెయ్యి వేస్తాను."