పౌడర్ కింద పొక్కులు

ఈ పొద్దున ఒకమ్మాయి తన రెండేళ్ల పాపను మా గుమ్మంలో దించి, "కొంచెం వెచ్చగా ఉంది పిన్నీ, సిరప్ తాపించినా, మధ్యాహ్నం దాకా ఏం గాదులే" అంటూ బస్సుకు పరుగు తీయబోయింది. నేను వేసిన కేకకు పాప ఏడుపు కూడా ఆగిపోయింది. ఆ అమ్మాయి బిత్తరపోయి బిడ్డను చంకనేసుకుని వెనక్కి వెళ్లింది. మందు దిగేసరికి జ్వరం నా ఒళ్లో బయటపడాలనే ఈ ఎత్తు నాకు కొత్త కాదు. పిల్లలను చూసుకునే ఇల్లంటే అందరికీ ధర్మాసుపత్రి.

తొమ్మిదేళ్ల కిందట, మార్కాపురంలో, నాకు ఐదో నెల. పలకల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ల పిల్లలు ముగ్గురిని ఇంట్లో ఉంచుకుని చూసేదాన్ని. వాళ్లలో ఎదురింటి వదిన కూతురు ఒకతి. వదినదీ మాదీ ఒకే చర్చి. మా వీధిలో ఎవరింట్లోనైనా ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండ కడతారు, చూసినవాళ్లు తప్పుకుని పోతారు. మా ఇళ్లలో వేపమండలు కట్టం కాబట్టి జబ్బు వస్తే నోటితోనే చెప్పుకోవాలి. ఆదివారం ప్రార్థనలో పైకప్పు ఎగిరిపోయేలా పాడే వదిన, ఆ రోజు మాత్రం పెదవి విప్పలేదు. నడి ఎండల్లో పిల్లకు పొడుగు చేతుల గౌను తొడిగి, మెడదాకా గుండీలు పెట్టి, మొహానికి తెల్లగా పౌడర్ అద్ది పంపింది. ఏ ఫోటోకో ముస్తాబు చేసిందనుకుని నవ్వుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. పదకొండింటికి పిల్లకు చెమటలు కారుతుంటే గౌను విప్పి తడిగుడ్డతో తుడిచాను. మొహం మీద పౌడర్ పోయి నీటిపొక్కులు తేలాయి. వీపు నిండా అవే. పొద్దుటి నుంచీ అది నా పొట్టకు ఆనుకునే పడుకుని ఉంది.

సాయంత్రం వదినను లోపలికి లాగి తలుపు వేశాను. "ఏంది వదినా ఇది? నేను కడుపుతో ఉండేది నీకు తెలవదా?"

"చెప్తే రానిస్తావా అమ్మాయ్? నాలుగు దినాలు పోకుంటే నా జాగాలో ఇంకోర్ని పెట్టుకుంటారు" అంది తల వంచుకుని.

నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు. డాక్టరమ్మ, చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసి ఉంటే భయం లేదనీ, లేకపోతే బిడ్డకు ప్రమాదం కావచ్చనీ చెప్పి రక్తం తీయించింది. తర్లుపాడులో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే, "మీ ఇద్దర్లో ఒకరికి పోసింది. నీకో అక్కకో గుర్తు లేదమ్మా" అంది. నేను ఏ గౌను ఎప్పుడు చింపుకున్నానో చెప్పగల మనిషి! ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కడుపులో బిడ్డ కదిలితే ఏడుపు, కదలకపోతే వణుకు. "ఏం గాదులే" అన్న ప్రతి నోటినీ, మా ఆయన నోటితో సహా, అట్లకాడతో వాయించాలనిపించింది. చివరికి, ఆటలమ్మ పోసింది నాకేనని తేలింది. బిడ్డకు భయం లేదు.

ఇక్కడ ఆపేస్తే నేను మంచిదాన్నే. కానీ ఆ నాలుగు రోజులూ మిగిలిన ఇద్దరు పిల్లలూ మా ఇంటికి వస్తూనే ఉన్నారు. వదిన కూతురు ఊరికి పోయిందని వాళ్ల తల్లులతో చెప్పాను. నిజం చెప్తే ఎవరూ పంపరు, నా ఇల్లు ఖాళీ అవుతుంది. రెండు వారాలకు ఆ ఇద్దరిలో ఒక పిల్లకు పొక్కులు లేచాయి. దాని నుంచి ఇంట్లో ఉన్న మూడు నెలల తమ్ముడికీ అంటుకుంది. వాడు చాలా రోజులు జ్వరంతో కాలిపోయాడు. దేవుడి దయ, బతికాడు. వాళ్లమ్మ వాడిని భుజాన వేసుకుని వచ్చి, "నీకు ముందే తెలుసా అక్కా?" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

వదిన దాచింది ఒక్క పూట. నేను తొమ్మిదేళ్లుగా దాస్తున్నాను.