పత్తిచేలో కటిల్‌ఫిష్

మా బయాలజీ మాస్టారు పోయారని మొన్న ఆదివారం పొద్దున వినుకొండ నుంచి ఫోన్ వచ్చింది. దుఃఖం కంటే ముందు నాకు భయమేసింది. నా మీద మనసులో కష్టం పెట్టుకునే వెళ్ళిపోయారేమోనని.

మాస్టారు సముద్రంలో బతుకుతూ ఒంటి రంగు మార్చుకునే స్క్విడ్లనీ, కటిల్‌ఫిష్‌లనీ బోర్డు మీద గీసి, పాఠం అయిపోగానే వాటిని మా ఊళ్ళ మీదికి తోలేవారు. మిరప కల్లంలో ఉండేది కాయలతోపాటే ఎర్రబడేది. పిడుగురాళ్ల బట్టీల దగ్గరది సున్నం నాకి వీపులో తెల్ల బిళ్ళ పెంచుకునేది. పత్తిచేలోది కాయ పగిలిన రోజున తనూ తెల్లబడి, కూలీల కంట పడకుండా కూర్చునేది. మేమూ తలా ఒకటి కనిపెట్టేవాళ్ళం. ఎంత గొప్పది చెప్పినా ఆయన ఒకటే అడిగేవారు. "బాగుందమ్మా. నీళ్ళెక్కడివి?" ఒళ్ళు తడారితే చచ్చే జంతువాయె, మాదేమో బోర్లు ఎండే నేల. మా స్క్విడ్లు సగం ఆ ప్రశ్నకే చచ్చేవి.

అర్ధ సంవత్సర పరీక్షలో కటిల్‌ఫిష్ పత్తిచేలో నివసిస్తుందని రాశాను, బొమ్మతో సహా. దిద్దింది వేరే టీచరు, సున్నా చుట్టారు. మా నాన్న ఆ పేపరు పట్టుకుని బడికొచ్చి, పిల్లలకి చెప్పే పాఠాలు ఇవేనా అని అందరి ముందూ మాస్టారిని కడిగేశాడు.

"తప్పు అమ్మాయిది కాదండి. ఇదంతా ఊహ అని నేను చెప్పాల్సింది" అన్నారాయన.

మళ్ళీ క్లాసులో ఆ జంతువుల ఊసెత్తలేదు. ఆయన బొమ్మలు నావల్లే ఆగిపోయాయని ఇరవై ఏళ్ళు కుమిలిపోయాను. బజారులో ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేదాన్ని. వట్టి పిరికిదాన్ని.

ఫోన్ రాగానే వాళ్ళింటికి వెళ్తే, మాస్టారి భార్యకి నా పేరు గుర్తు రాలేదు. పరీక్ష సంగతి చెప్పగానే ఏడుస్తున్న మనిషి కాస్తా నవ్వేశారు.

"పత్తిచేను అమ్మాయివా! ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయారో. అంతమందికి చెప్తే నమ్మింది అదొక్కతేనే అనేవారమ్మా."

బడిలో మానేశారు గానీ ఇంట్లో ఒక్క రోజూ మానలేదట. గుడ్డ సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. అన్నీ నోటు పుస్తకాలు, పేజీ పేజీకీ స్క్విడ్లే. ఎన్నేళ్ళ బరువో ఒక్కసారి దిగిపోయింది. అప్పుడు హాయిగా ఏడ్చాను.

అన్నిటికన్నా అడుగున, పోయిన నెల ఆస్పత్రి చీటీ వెనక, పొదిలి మెట్టచేలో ఉండే స్క్విడ్ ఉంది. దాని కింద వణుకుతున్న అక్షరాలు: "నీళ్ళెక్కడివి? పత్తిచేను అమ్మాయిని అడగాలి."

ఆ చీటీ ఇంటికి తెచ్చుకున్నాను. నల్లరేగడి నెర్రెలోంచి తల బయటపెట్టి, రెండు పొడుగు చేతులూ కాగితం అంచుదాకా చాచి, అది నా వైపే చూస్తోంది.