నాలుగో సీసా

నిన్న పొద్దుటూరు బజారులో కొన్న నూనె ప్యాకెట్టు మీద ఏ కొవ్వు ఎంత ఉందో అచ్చువేసి ఉంటే చదువుతూ నిలబడిపోయాను. ఎన్నో ఏళ్ల కిందటి కరువు ఏడాది మా ఊరు పోగొట్టుకున్నవాటి లెక్క మనసులో కదిలింది. ఎండిన బోర్లు పదకొండు, సంతకు తోలిన ఎద్దుల జతలు తొమ్మిది, పార్టీ గొడవల్లో పోయిన ప్రాణాలు రెండు, ఆ గొడవలకే ఆగిపోయిన జమ్మలమడుగు బస్సు ఒకటి. అన్నిటినీ మించిన నష్టం, విత్తనానికని దాచిన వేరుశనగ కాయలను ఆకలికి తినేయడం. తర్వాతి వానలకు విత్తకపోతే ఊరు ఖాళీ అయ్యేదే.

అప్పుడు నేను పొద్దుటూరులో ఒక నూనె మిల్లులో తూకం గుమాస్తాను. ఐదో తరగతితో బడి మానినా, కాయకు పప్పెంత, పప్పుకు నూనెంత అన్న లెక్కలు కాటా దగ్గరే నేర్చుకున్నాను. ఫ్యాక్షన్ రోజుల సంగతి నా ఈడువారికి చెప్పనక్కరలేదు. మా ఊరి బండ్లు మిల్లుకు సోమవారం వచ్చేవి, ఎదుటి పార్టీవాళ్లదైన పులివెందుల వైపు ఊరి బండ్లు గురువారం వచ్చేవి. ఒకరి పిండి మరొకరి నూనెలో కలవకూడదని నడుమ యంత్రాన్ని తుడిచి పెట్టేవాళ్లం.

అలాంటి కాలంలో, మొక్కల్లో నూనెలు ఎలా తయారవుతాయో పరిశోధించే శాస్త్రజ్ఞులు మా పట్టణంలో సభ పెట్టుకున్నారు. కరువులో పండిన కాయలను పల్లెపల్లె నుంచి అడిగి తీసుకున్నారు. మా ఊరివాళ్లు ఇల్లిల్లూ ఊడ్చి దోసెడు పంపారు. పక్షపాతం రాకుండా, ఆ కాయల నుంచి తీసిన నూనె సీసాల మీద ఊరి పేర్లు కాక అంకెలు వేశారు. చివరి రోజు ఫలితాలు వినడానికి రైతులనూ పిలిచారు. నడుములకు దోపుకున్నవి పోలీసులు బయటే పెట్టించాక, రెండు పార్టీలూ హాలుకు చెరోవైపు కూర్చున్నాయి.

నీళ్లు అందనప్పుడు గింజ తనలోని నూనెను ఎలా కాపాడుకుంటుందో ఒక మేడమ్ ఓపికగా వివరించి, నాలుగో సీసా గింజల్లో నూనె అన్నిటికన్నా ఎక్కువనీ, ఆ నూనె తొందరగా చెడదనీ చెప్పారు. మిల్లులో మా ఊరి మూటలకు వేసే గుర్తు నాలుగే. మా మామ, మా పార్టీకి పెద్ద, లేచి నిలబడి, "నాలుగంటే మనమే గదప్పా, కొట్టండి" అన్నాడు. మావాళ్లు హాలు అదిరేలా చప్పట్లు కొట్టారు. అప్పుడు మేడమ్ కాగితం విప్పి ఊరి పేరు చదివారు. అది ఎదుటివాళ్లది.

వాళ్ల పెద్దాయన నవ్వు ఆపుకోలేక, "ఏం మామా, చేతులు నొస్తాండాయా?" అన్నాడు. హాలంతా నవ్వింది. మామ మాత్రం కూర్చోలేదు.

"నొస్తే నొచ్చినాయిలేప్పా. సప్పట్లు నీకు పోయినాయి, ఇంగ ఆ ఇత్తనం నాకియ్యి. మా ఊర్లో గింజ ల్యా."

దేవుడి దగ్గర కూడా తల వంచని మనిషి పగవాణ్ణి అందరి ముందు అడిగాడు. పోలీసులు తలుపు దగ్గరికి వచ్చారు. పెద్దాయన భుజం మీది తుండు సర్దుకుని లేచి నిలబడ్డాడు.

"ఎన్ని మూటలు కావల్ల?"

ఆ గురువారం మా బండ్లూ వాళ్ల బండ్లూ ఒకే కాటా ముందు నిలిచాయి. నలభై మూటలు నా చేతులతో తూచాను. పూతకొచ్చినప్పుడు మా చేలు కనుచూపు మేర పసుపు పూలతో పచ్చగా ఉన్నాయి. బస్సు మళ్లీ వచ్చింది. ఆ ఏడు ఊరు విడిచిపోయిన ఇల్లు ఒక్కటీ లేదు.

మా వైపు విత్తనం అప్పుకు ఒకటికి ఒకటిన్నర తిరిగి ఇవ్వాలి. కోతలయ్యాక మామ బండ్లు కట్టుకుపోతే, "పండినేడు మాకెందుకు, మాకు ఎండినేడు తెచ్చియ్యండి" అని పెద్దాయన తిప్పి పంపాడు. తర్వాత వాళ్లకు కాలువ నీళ్లు వచ్చాయి, వేరుశనగ చేలు చీనీ, అంటే బత్తాయి, తోటలయ్యాయి. అడగాల్సిన పెద్దాయనా లేడు, ఇవ్వాల్సిన మామా లేడు, ఆ రకం విత్తనం ఇప్పుడు మా ఊళ్లోనూ ఎవరూ వేయడం లేదు. అరవై మూటలు ఈనాటికీ బాకీ.